చెప్పుకుంటే పని చేయని మందు

చౌటుప్పల్,
11 జూన్ 2018

చెల్లె జంగమ్మకు,

అన్న గండయ్య దీవెనలు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కోడలు రూప ఫోన్‌ను నా చెవికి ఆనించి పట్టుకుంది. నాకు వినపడింది "అన్నా" అన్న మాట ఒక్కటే. ఆ తర్వాత అంతా కందిరీగల చప్పుడు. ఈ చెవులతో ఇక ఫోన్ పని కాదు. నీకు ఏడో తరగతి చదువుంది, నా రాత కూడా ఇంకా చెడిపోలేదు. ఉత్తరాలే రాసుకుందాం.

అసలు సంగతి ఇది. రెండు నెలలుగా కాళ్లు వాస్తున్నాయి. సాయంత్రం మగ్గం గుంటలోంచి లేచి పాదం మీద వేలు పెట్టి నొక్కితే, నొక్కిన చోట సొట్ట పడి అట్లాగే ఉండిపోతోంది. వయసు మీద పడింది కదా అనుకున్నాను. మా కొడుకు ప్రమోద్ ఊరుకోలేదు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి దవాఖానకు తీసుకుపోయాడు. రక్తం తీశారు, మూత్రం తీశారు, స్కానింగ్ చేశారు. డాక్టర్ చిన్న వయసువాడు. నాకు చెవుడని తెలిసి అన్నీ కాగితం మీద రాసి చూపించాడు. కిడ్నీ బొమ్మ గీసి, నాలుగు వంతుల్లో మూడు వంతులు గీతలు కొట్టేశాడు. పని చేస్తున్నది ఆ మిగిలిన వంతేనట. క్రియాటినిన్ మూడు దాటిందట. ఏళ్ల తరబడి బీపీ ఉన్నా చూసుకోలేదు, అందుకే ఇట్లా అయిందట.

"నయమైతదా సారూ?" అని అడిగాను.

"పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం" అని రాశాడు.

బీపీకి, వాపుకు గోళీలు ఇచ్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు. ఆ చప్పిడి పప్పు గొంతు దిగడం లేదు చెల్లె. రూప పాపం తానూ అదే తింటోంది, నాకు తోడుగా.

దశరథం బావ ఉన్న రోజుల్లో మీ వాకిట్లో వాపు కాళ్లతో ఎంతమంది వచ్చి కూర్చునేవారో నేను కళ్లారా చూశాను. ఆ విద్య ఇప్పుడు నీ చేతిలో ఉంది. నాకేమన్నా పనికొస్తుందేమో చూడు.

నీ అన్న,
గండయ్య


ఆత్మకూర్,
19 జూన్ 2018

అన్నా, నీ కాళ్లకు దండం.

నీ ఉత్తరం చదివి కొంచెంసేపు ఏడ్చాను. తర్వాత కొడవలి పట్టుకుని గట్ల వెంట పోయాను. వాన పడింది కాబట్టి నాకు కావలసింది పచ్చగా పరుచుకుని ఉంది. వేరుతో సహా తెచ్చి, నీడలో ఆరబెట్టి, ఇంకొకటి కలిపి దంచాను. పల్లీల సంచి మధ్యలో పొట్లం పెట్టి పంపుతున్నాను.

రెండు గిలాసల నీళ్లలో ఒక చెంచా పొడి వేసి సగం అయ్యేదాకా మరిగించు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తాగు. రోజూ ఒక కొబ్బరి బోండాం తాగు. ఒంట్లో వేడి దిగాలి. డాక్టర్ గోళీలు మాత్రం మానకు. వాటి దారి వాటిది, దీని దారి దీనిది.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకో. మీ బావ పోయే ముందు నా చేతిలో చెయ్యి వేయించుకుని చెప్పాడు. "ఈ మందు చెప్పుకుంటే పని చేయదు. ఇచ్చేటోళ్లు పేరు చెప్పొద్దు, తాగేటోళ్లు తాగుతున్నమని చెప్పొద్దు" అని. అందుకే ఆకు పేరు నీకు కూడా రాయడం లేదు. కోడలికి గానీ, డాక్టర్‌కు గానీ చెప్పకు.

మీ బావ పోయిన ఈ ఇరవై ఆరేళ్లలో ఒక్కరి దగ్గర కూడా నేను పైసా తీసుకోలేదు. అన్నా, ఇప్పుడు నీకు పనికొస్తే చాలు. అదే నా కూలి.

నీ చెల్లె,
జంగమ్మ


చౌటుప్పల్,
6 ఆగస్టు 2018

చెల్లె జంగమ్మకు,

కాళ్లు చూసుకుంటే నాకే నమ్మకం కలగడం లేదు. మడమ ఎముక కనిపిస్తోంది. పాత చెప్పులు మళ్లీ పడుతున్నాయి. డాక్టర్ కూడా కాలు నొక్కి చూసి, తాను రాసిన వాపు గోళీ బాగా పని చేసిందని సంతోషపడ్డాడు. నేను నవ్వాను. "ఇంకేమన్నా మందులు వాడుతున్నరా?" అని రాసి చూపించాడు. లేదని తల ఊపాను.

రూపకు మాత్రం అనుమానం వచ్చింది. పొద్దున్నే నేను పొయ్యి దగ్గర నిలబడడం ఎప్పుడైనా చూసిందా? "మామా, గా గిన్నెల ఏం మరుగుతాంది?" అని చెవి దగ్గర గట్టిగా అడిగింది. జీలకర్ర నీళ్లని చెప్పాను. వాసన చూసి వెళ్లిపోయింది. అబద్ధం చెప్పడం ఈ వయసులో కొత్తగా నేర్చుకుంటున్నాను.

ఇక్కడ వానలు ఓ మోస్తరు. మా గల్లీ చివర రెండు ఎకరాలు ప్లాట్లు చేసి తెల్ల రాళ్లు పాతారు. మొదలుపెట్టిన చీర సగానికి వచ్చింది. పొడి అయిపోవచ్చింది, మళ్లీ పంపు. పల్లీలు మాత్రం తక్కువ వెయ్యి. డాక్టర్ వాటిని కూడా తగ్గించమన్నాడు.

నీ అన్న,
గండయ్య


ఆత్మకూర్,
27 ఆగస్టు 2018

అన్నకు దండాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. మీ బావ ఫోటో ముందు నిలబడి ఒకసారి పైకి చదివాను. ఈసారి పొడి ఎక్కువ పంపుతున్నాను. చెంచాకు బదులు చెంచాన్నర వెయ్యి. పట్టిన గుణం వదలకూడదు.

మా అన్నకు తగ్గిందని ఇద్దరు ముగ్గురితో అన్నాను. ఆ మాట ఊళ్లు తిరిగింది. పక్క ఊరి గురవయ్య అని ఒక రైతు, నీ ఈడువాడే, వాపు కాళ్లతో ఎడ్లబండి ఎక్కి వచ్చాడు. అతనికీ ఇచ్చాను.

నిన్న రూప ఫోన్ చేసింది. "అత్తా, మామకు నువ్వేమన్న మందు పంపుతున్నవా? ఉన్నది ఉన్నట్టు చెప్పు, నేనేమనను" అన్నది. లేదన్నాను. అంతకన్నా ఏం చెప్పను? కానీ ఆ అడగడంలో నాకు ఏదో తగిలింది అన్నా. చదువుకున్న పిల్ల. చెట్ల మందు అంటే చిన్నచూపేమో. నువ్వు మాత్రం మాట జారకు.

నీ చెల్లె,
జంగమ్మ


చౌటుప్పల్,
24 అక్టోబర్ 2018

జంగమ్మ అత్తకు,

మామ చెప్తుంటే రూప రాస్తున్నది. మామ చేతికి కొంచెం దెబ్బ తగిలింది, అందుకని కలం పట్టలేరు. ఫికర్ పడొద్దని చెప్పమంటున్నారు. ఇక మీదట పల్లీలు పంపవద్దంటున్నారు. డాక్టర్ వద్దన్నాడట. ఎందుకని అడగవద్దంటున్నారు.

మామ దీవెనలు. నా దండాలు.

రూప


ఆత్మకూర్,
5 నవంబర్ 2018

అన్నకు,

నీ ఉత్తరం అందింది. నీ ఉత్తరం అని ఎట్లా అనను? అందులో నీ అక్షరం ఒక్కటి లేదు.

పల్లీలు అంటే ఏమిటో నాకు తెలుసు, నీకు తెలుసు. నీ కోడలు తనకు కావలసింది నీ నోట చెప్పించి రాసుకుంది. చేతికి దెబ్బ అన్నదే నమ్మాలనిపించడం లేదు. నా చేతి మందు ఇప్పుడు వద్దయిందా? కాళ్లు వాచినప్పుడు చెల్లె కావాలి, వాపు దిగితే కోడలి మాట కావాలి. కానివ్వు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

ఇక్కడ వరి కోతలు మొదలవుతున్నాయి. నేను బాగానే ఉన్నాను.

జంగమ్మ


చౌటుప్పల్,
14 నవంబర్ 2018

చెల్లె జంగమ్మకు,

ఇది నా అక్షరమే. వంకరగా ఉంటే ఓర్చుకో, వేళ్లకు ఇంకా పట్టు రాలేదు.

రూపను తిట్టకు. నీకు చెప్పకూడదని రూపతో, ప్రమోద్‌తో ఒట్టు వేయించుకున్నది నేను. ఆ ఉత్తరం దవాఖాన మంచం మీద నుంచి రాయించాను. చేతికి దెబ్బ కాదు, సూది గుచ్చి ఉంది.

దసరా ముందు నుంచే కాళ్లలో సత్తువ లేదు. మగ్గం తొక్కుడు చెక్క మీద కాలు పెడితే కాలు నాది కానట్టు ఉండేది. పడిపోయిన రోజు పొద్దున చీర అంచు దగ్గర దారం తెగితే ముడి వేద్దామని వంగాను. అంతే, కళ్లు చీకటి కమ్మాయి. కళ్లు తెరిచేసరికి దవాఖానలో ఉన్నాను. రక్తంలో పొటాషియం ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువైందట. అది ఎక్కువైతే గుండె ఆగిపోతుందట. నా నాడి నిమిషానికి ముప్పై ఎనిమిది కొట్టిందని ప్రమోద్ తర్వాత రాసి చూపించాడు. మెడ దగ్గర గొట్టం పెట్టి రెండుసార్లు మిషన్ మీద రక్తం కడిగారు.

ఆ డాక్టర్ నా మంచం పక్కన కూర్చుని ఆరుసార్లు అడిగాడు. "పెద్దాయనా, ఇంత తొందరగా ఇంత పెరగడానికి ఏదో ఒకటి ఉండాలె. ఆకు, పసరు, పొడి ఏదైనా తాగిన్రా? నేను కోపం చేయను" అని రాశాడు. ఆరుసార్లూ లేదని తల ఊపాను. రూప నా ముఖంలోకి చూస్తోంది. ఆ పిల్లకు అంతా తెలుసనిపించింది. అయినా నేను ఒప్పుకోలేదు. నువ్వు బావ చేతిలో చెయ్యి వేసిన మాట అది. నేను పోయినా ఆ మాట పోకూడదనుకున్నాను.

కానీ వాళ్లు కారణం దొరక్క రోజుకొక పరీక్ష చేస్తున్నారు. నేను చెబుదామనుకున్నా నాకు ఆకు పేరు తెలియదు. నీ మందే ఇట్లా చేసిందని నేను అనడం లేదు. నాకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది.

చెల్లె, డాక్టర్‌కు చెప్పడానికి నాకు సెలవిస్తావా? పేరు రాసి పంపుతావా?

గండయ్య


ఆత్మకూర్,
20 నవంబర్ 2018

అన్నా,

పోస్ట్‌మన్ ఇచ్చిన చోటే, వాకిట్లో నిలబడే చదివాను. ఆ ఉత్తరం చేతిలో పట్టుకునే రూపకు ఫోన్ చేశాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి నీకు అన్నీ తెలిసే ఉంటాయి. అయినా నీకు నేను రాయాలి. ఇన్నేళ్లలో మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను. అది తెల్ల గలిజేరు, పల్లేరు కాయ. అంతే. దీనికోసమా అన్నా నువ్వు చావుదాకా పోయింది?

రూప నన్ను తిడుతుందనుకున్నాను. "అత్తా, జర మెల్లగ చెప్పు, రాసుకుంటున్న" అన్నది. ఎన్ని చెంచాలు, ఎన్ని రోజులు, బోండాలు ఎన్ని అని అన్నీ అడిగి రాసుకుంది. చివరికి నేను ఏడుస్తుంటే, "ఇప్పుడు చెప్పినవు కద అత్తా" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఆ రెండింటినీ కొంగున కట్టుకుని సర్కారు ఆయుర్వేద దవాఖానకు పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఉంది. మొక్కను ఇట్లా చూసి అట్లా పేరు చెప్పింది. నేను దాచింది ఆమెకు పుస్తకంలో పాఠమట! నీ సంగతంతా చెప్పాను. ఆమె అన్నది నీకు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఈ మొక్కలు చెడ్డయి కావమ్మా. మేము గూడ ఇస్తం. కని ఎవరికిస్తున్నమో చూసి ఇస్తం. మంచిగున్న కిడ్నీ ఎక్కువైన పొటాషియంను బయటికి పంపుతది. మీ అన్నది ఒక వంతే పని చేస్తాంది, అది పంపలేదు. గలిజేరుల అది మస్తుగుంటది. బోండాం నీళ్లల్ల ఇంకింత. బీపీకి ఇచ్చే కొన్ని గోళీలు గూడ దాన్ని ఒంట్లనే ఆపుతయి. మూడూ ఒక్కదగ్గర పడ్డయి. డాక్టర్‌కు ముందే తెలిస్తే మొదటి వారంలనే ఆపేటోడు."

"చెప్పుకుంటే పని చేయదని మా ఆయన అన్నడు" అన్నాను.

ఆమె మొక్కను తిరిగి నా చేతికిచ్చింది. "ఏ శాస్త్రంల గట్ల లేదు. రోగి ఏం తింటున్నడో అడగకుండ మేము మందే మొదలుపెట్టం" అన్నది.

మీ బావ చెడ్డవాడు కాడు అన్నా. ఆయనకు వాళ్ల నాయిన చెప్పాడు, ఆయన నాకు చెప్పాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు. చెంచాన్నర వేయమని నేనే రాశాను. ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు.

గురవయ్య కాడ కూడా అదే పొడి ఉంది. పొద్దున్నే బస్సుకు ఆ ఊరు పోతున్నాను.

జంగమ్మ


చౌటుప్పల్,
9 జనవరి 2019

చెల్లె జంగమ్మకు,

గొట్టం తీసేశారు. క్రియాటినిన్ నాలుగుకు కొంచెం తక్కువలో నిలిచింది. మిషన్ అవసరం ఇప్పటికి లేదు, కానీ ఏడాదికో రెండేళ్లకో రావచ్చు, మనసు సిద్ధం చేసుకోమన్నాడు డాక్టర్. రూప ఇచ్చిన కాగితం చదివి ఆయన తల పట్టుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాను. "మీ చెల్లెలికి నా దండం చెప్పుండ్రి. ఇంత వివరంగ ఎవ్వరూ చెప్పరు" అని రాశాడు.

నీ తప్పు నీది, నా తప్పు నాది. నువ్వు చెప్పొద్దన్నావు. ఆరుసార్లు అబద్ధం ఆడింది నేను. రెండూ కలిపి ఇక కట్టిపెడదాం. చెంచాన్నర మాట మళ్లీ రాయకు.

డాక్టర్‌ను ఒకటి అడిగాను. ఇక నాటు పద్ధతులేవీ పనికిరావా అని. ఆయన ఆలోచించి, కడుపులోకి పోయేది ఏదైనా తనను అడిగే తినాలని, ఒంటి మీద రాసుకునేది, ఊపిరి పీల్చి వదిలే ప్రాణాయామం, మంచిగా నిద్ర పట్టించే అలవాటు అయితే ఇబ్బంది లేదని రాశాడు. రాత్రి ఒళ్లంతా దురద పెడుతోంది. అన్నం చూస్తే వెగటు పుడుతోంది. ఈ రెండింటికీ నీ దగ్గర ఏమన్నా ఉందా? ఈసారి రూపకు చెప్పు. రూప డాక్టర్‌ను అడుగుతుంది. ఆ తర్వాతే నాకు.

గురవయ్య సంగతి ఏమైంది?

నీ అన్న,
గండయ్య


ఆత్మకూర్,
2 మార్చి 2019

అన్నకు దండాలు.

ముందు గురవయ్య సంగతి. నేను పోయిన రోజు అతను చెలకలో పల్లికి నీళ్లు పెడుతున్నాడు. పొడి ఆపమంటే నవ్వాడు. "మంచిగనే ఉన్న కదమ్మా, నువ్వే ఇచ్చినవు, నువ్వే వద్దంటవా?" అన్నాడు. గట్టు మీద కూర్చుని నీ సంగతంతా చెప్పాను. లేచి చేతులు కడుక్కుని నాతో బస్సెక్కాడు. రక్తం చూస్తే క్రియాటినిన్ రెండున్నర. అతనికే తెలియదు. ఇప్పుడు బీపీ గోళీలు వేసుకుంటున్నాడు. నా దగ్గరికి వచ్చినందుకు మేలే జరిగిందని వాళ్ల ఇంటామె అంటోంది. నేను ఆ మాట తీసుకోలేకపోయాను.

ఇప్పుడు నా వాకిట్లోకి వాపు కాళ్లతో ఎవరు వచ్చినా, ముందు రక్తపరీక్ష కాగితం తెమ్మంటున్నాను. ఆకు పేరు అడిగితే చెప్పేస్తున్నాను. "గలిజేరేనా? గది మా దొడ్లనే ఉన్నది" అని కొందరు నవ్వుకుంటూ పోతున్నారు. వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు. పెద్దరికం పోయిందని మొదట్లో గుచ్చుకుంది. ఇప్పుడు అంత లేదు.

నీ సంగతి. రాత్రి గోరువెచ్చని నీళ్లతో స్నానం చెయ్యి, సబ్బు వద్దు. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పట్టించు. అరికాళ్లకు కూడా. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, పొటాషియం దిగిన ఆ నీళ్లు పారబోసి తాలింపు వెయ్యమని రూపకు చెప్పాను. తాలింపులో వెల్లుల్లి, జీలకర్ర, మిరియం. ఉప్పు లేని లోటు వెల్లుల్లి కొంత తీరుస్తుంది. ఉప్పుకు బదులని దుకాణాల్లో అమ్మే ఇంకో రకం ఉప్పు కొనొద్దట, అందులో పొటాషియమే ఉంటుందట. ఇది డాక్టరమ్మ చెప్పింది. అన్నిటికీ మీ డాక్టర్ సరేనన్నాడని రూప ఫోన్‌లో చెప్పింది. ఆ పిల్లతో ఇప్పుడు వారానికి రెండుసార్లు మాట్లాడుతున్నాను. నిన్న అరగంట మాట్లాడితే అందులో నీ మాట వచ్చింది రెండు నిమిషాలే.

నీ చెల్లె,
జంగమ్మ


చౌటుప్పల్,
22 జనవరి 2020

చెల్లె జంగమ్మకు,

దీవెనలు. మిషన్ మీద నాలుగో నెల నడుస్తోంది. నువ్వు ఫోన్‌లో రూప దగ్గర ఏడ్చావట. ఏడవకు. డాక్టర్ చెప్పిన ఏడాదికి కొంచెం ముందే వచ్చింది గానీ, దొరికిన తొమ్మిది నెలలూ నేను పూర్తిగా వాడుకున్నాను. మధ్యలో మూడు చీరలు దించాను.

మిషన్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో నరాలు కలిపారు. వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకుంటుంది. ఆ చేత్తో బరువు పని చేయకూడదట, కాబట్టి మగ్గం వదిలేశాను. నాలుగు రోజులు గుంట వైపు చూడలేదు. ఐదో రోజు చూస్తే రూప దిగి కూర్చుని ఉంది. పుట్టింట్లో నేసిన పిల్లే కదా. ఇప్పుడు ఆమె నేస్తోంది, నేను పక్కన కూర్చుని కండెలకు దారం చుడుతున్నాను. మన అవ్వ చేసిన పని ఇది. తేలిక అనుకునేవాణ్ని. కాదు.

మొన్న దవాఖానలో ఒక సంగతి జరిగింది. నా పక్క మంచం మీద సైదులు అని కొత్తగా ఒకతను వచ్చాడు. నలభై ఏళ్లు కూడా లేవు. మిషన్ తిరుగుతుండగా, నాకు చెవుడని తెలిసి ఫోన్‌లో రాసి చూపించాడు. "పెద్దమనిషీ, నేనొక మందు తాగుతున్న. మూడు నెలల్ల గీ మిషన్ అవసరమే ఉండదంట. ఎవ్వరికీ చెప్పకు, చెప్పుకుంటే పని చేయదు" అని.

నా నాడి మళ్లీ ముప్పై ఎనిమిదికి పడిపోయినట్టయింది చెల్లె. నీ పేరు, నా పేరు, గలిజేరు, బోండాలు, మెడలో గొట్టం, ఆరుసార్లు ఆడిన అబద్ధం, అన్నీ అతనికి గుసగుసగా చెప్పాను. గుసగుస అని నేను అనుకున్నాను. చెవిటివాడి గుసగుస ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. వార్డులో పది మంచాలూ విన్నాయి. సైదులు ముఖం ఎర్రగా చేసుకుని అటు తిరిగి పడుకున్నాడు. పరువు తీశానని కోపం.

ఆ తర్వాత ఎవరేమన్నదీ నాకు సిస్టర్ రాసి చూపించింది. ఎదురు మంచం మీది ముసలమ్మ మెల్లగా తన సంచిలో చెయ్యి పెట్టి ఒక సీసా తీసింది. "బిడ్డా, జర గిది గూడ చూడు" అని సిస్టర్‌ను పిలిచింది. ఆ తర్వాత కిటికీ పక్కనున్న మనిషి జేబులోంచి ఒక పొట్లం తీశాడు. సిస్టర్ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కాగితం తెచ్చి పేర్లు రాసుకుంటూ పోయింది. అన్నీ చెడ్డవి కావట, ఒకటి రెండు ఉంచుకోమని డాక్టర్ తర్వాత చెప్పాడు. మిషన్ ఆగి, సూదులు తీసే వేళకు సైదులు ఇటు తిరిగాడు. నన్ను చూడలేదు. సిస్టర్‌ను చూసి, "నాది గూడ రాసుకో అక్కా" అన్నాడు.

నీ పేరు అంతమందిలో చెప్పినందుకు ఏమీ అనుకోవు కదా?

ఎప్పుడు రావాలని రూపను అడిగావట. సోమవారం, బుధవారం, శుక్రవారం మిషన్‌వి. ఆ మర్నాడు ఒళ్లు నీరసంగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఆదివారం మాత్రం మంచిగుంటాను. ఆదివారం రా చెల్లె. ఆ రోజు నాది.

నీ అన్న,
గండయ్య